గుట్టెక్కే బండికి మెత్తటి టైర్లు

ప్రశాంత్ బండి మొదటిసారి పాన్‌గల్ బజారులోకి వచ్చిన రోజు జనం అతని కాలి సంగతి మర్చిపోయి బండినే చూశారు. బక్కపలచగా, పొట్ట నేలకు అందనంత ఎత్తుగా ఉన్న ఆ పాత మోటారుసైకిలుకు సీటే లేదు. సీటు ఉండాల్సిన చోట అరచేయి మందం రెక్సిన్ ముక్క ఉంది, అంతే. నడిపేవాడు నిలబడే నడపాలి. "ఏందే ప్రశాంతూ, సీటు ఎవడెత్తుకపోయిండు?" అని చాయ్ హోటలు దగ్గర ఎవరో అరిస్తే బజారు బజారంతా నవ్వింది. ప్రశాంత్ కూడా నవ్వాడు. ఆ బండి తప్ప ఇంకే బండీ తన కాలికి పనికిరాదని అక్కడ నిలబడి వాళ్లందరికీ చెప్పడం దేనికని ఊరుకున్నాడు.

అతని కుడి మోకాలు వంగదు. పెళ్లయిన కొత్తలో భార్య స్వరూపను వెంటబెట్టుకుని, ఈ పాలమూరు పల్లెల నుంచి పోయే వేలమందిలాగే అతనూ బెంగళూరుకు కూలికి పోయాడు. అక్కడ స్లాబు కింద పెట్టిన కట్టెలు కూలి మీద పడ్డాయి. దవాఖానలో కాలు నిలబెట్టారు గానీ మోకాలు కొంచెం వంగి అక్కడే ఆగిపోయింది. కూర్చుంటే కాలు అడ్డం, మెట్టెక్కాలంటే యాతన. నిలబడితే మాత్రం ఏ బాధా లేదు. కూలి పని పోయింది. బెంగళూరు అవతలే శ్రీనాథ్ అనే పెద్దమనిషి జాగాలో కావలి పని దొరికింది.

శ్రీనాథ్ సారు అక్కడ పిల్లలకు ఒక చిత్రమైన ఆట నేర్పేవాడు. ఆ ఆటలో వేగం లెక్కలోకి రాదు. బండరాళ్ల మీద, దుంగల మీద, వాగుల్లో, కాలు నేల మీద పెట్టకుండా నిదానంగా బండిని దాటించాలి. అదే గెలుపు. గేటు దగ్గర పొద్దస్తమానం నిలబడే ఉండే కావలివాణ్ని ఆయన ఒకరోజు "బా ఇల్లి" అని కన్నడంలో దగ్గరికి పిలిచి, షెడ్డులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత బండి ఎక్కించాడు. ఎక్కడో స్పెయిన్ దేశంలో పుట్టిన బండి అది. కిక్కు ఎడమ పక్కన ఉంటుంది. వంగని కాలి మీద నిలబడి వంగే కాలితో కిక్కు కొట్టాడు ప్రశాంత్. ప్రమాదం జరిగిన తర్వాత తన శరీరం తనకు సరిపోయినట్టు అనిపించింది ఆ రోజే. ఊరికి తిరిగి పోతానని చెప్పినప్పుడు శ్రీనాథ్ సారు ఆ బండినే ఇచ్చేశాడు. అంతటి దానం చేసి కూడా, "షెడ్డులో చోటు చాలడం లేదు, పట్టుకుపో" అని విసుక్కున్నాడట. కొందరికి మంచి చేయడం కూడా సిగ్గుగానే ఉంటుంది.

ఊళ్లో ప్రశాంత్‌కు గొర్లకు సూదులు వేసే పని దొరికింది. పశువుల ఆఫీసు వాళ్లు మందు ఇస్తారు, అతను మంచు డబ్బా వీపుకు కట్టుకుని గుట్టల మీది మందల దగ్గరికి పోయి వేసి వస్తాడు. తొలకరి పడి లేత గడ్డి మొలిస్తే గొర్లకు చిటుక రోగం వస్తుంది. పొద్దున మేసిన జీవం సాయంత్రానికి ఉండదు. అందుకే వాన పడకముందే సూది పడాలి. కింది ఊళ్ల మందలన్నీ ఒకేరోజు రోడ్డు పక్కకు తోలుకొస్తే ఆఫీసు వాళ్లే వేసేస్తారు. గుట్ట మీది మందలు మాత్రం దిగవు. ఎందుకు దిగవంటే అది వాళ్ల ఆచారం. గుట్ట మీద ఆ మందల దేవుడు బీరప్ప రాయి ఉంది. మందకు ఏది చేసినా ఆ రాయి ముందరే చేయాలట, కింద చేస్తే కీడట. ఆ సంగతి ఆఫీసు వాళ్లకు తెగేసి చెప్పింది గుట్ట మందల పెద్ద తిమ్మమ్మ. పైకి నడిచి పోయే ఓపిక ఎవరికీ లేదు, మామూలు బండ్లు ఎక్కవు. అలా ఆ పని ప్రశాంత్‌కు నిలిచింది. అతనిది చర్చికి, ప్రార్థనలకు పోయే కుటుంబం. బీరప్ప సంగతులు అతనికి తెలియవు. ఒకరి దేవుడి దగ్గర ఎందుకని అడగకూడదని తల్లి రూతమ్మ చిన్నప్పుడే నేర్పింది, కాబట్టి అడగలేదు.

అంతా బాగానే నడుస్తుండగా టైర్లు అరిగిపోయాయి.

ఒక్కసారిగా అరిగింది కాదు. ఏళ్ల తరబడి గుట్ట కొంచెం కొంచెంగా తిన్నది. ఈ ఎండాకాలంలో తిమ్మమ్మ మందలో ఒక కుంటి పొట్టేలును చూడటానికి పోతుంటే, దారిలో ఏటవాలుగా పరుచుకున్న బండ మీద వెనక చక్రం గిర్రున తిరిగి జారింది. అదే బండ మీద వందసార్లు ఎక్కినవాడు ఆ రోజు బండిని తోసుకుంటూ వెనక్కి వచ్చాడు. ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చుని తినలేదు.

"టైర్లు దొరకకపోతే ఏం చేస్తవు?" అని అడిగింది స్వరూప.

"ఏం చేస్త? గుట్ట మీదికి పోకపోతే నాకింగ ఇచ్చే పని లేదన్నరు ఆఫీసోళ్లు. బెంగళూరు పోవాలె. కావలి పనన్న దొరుకుతది."

వాళ్ల వీధిలో వలస పోయినవాళ్ల ఇళ్లకు వేసిన తాళాలు స్వరూప రోజూ చూస్తూనే ఉంది. తన ఇంటికి తాళం వేసే రోజు మళ్లీ వస్తుందని ఆమె అనుకోలేదు, అంతే.

మర్నాడు ప్రశాంత్ నరేందర్ షాపుకు పోయాడు. పాన్‌గల్‌లో పంక్చర్లు వేసి టైర్లు అమ్మే నరేందర్ మంచివాడు. తన మంచితనం మీద తనకు కాస్త ఎక్కువ నమ్మకం ఉన్నవాడు. అతను లోపలికి పోయి పెద్ద పెద్ద గుండీలు తేలిన టైరు ఒకటి దొర్లించుకుంటూ వచ్చాడు.

"బటన్ టైరు అన్నా. గుట్టలకు గిదే. ఒండ్రుమట్టిల గూడ ఆగదు."

ప్రశాంత్ ఆ గుండీలను వేలితో వంచి చూశాడు. ఒండ్రులో ఇవి గోళ్లలాగా దిగబడతాయి, నిజమే. కానీ రాయిలోకి ఏ గోరూ దిగదు. రాయి మీద ఈ గుండీలు ఒరిగిపోతాయి, బండి పక్కకు పోతుంది. రాయికి కావలసింది పొట్టి పొట్టి గడులు దగ్గర దగ్గరగా ఉన్న మెత్తటి రబ్బరు. అది రాయిని పొడవకూడదు, అంటుకుని ఉండాలి. ఈ మాట చెబితే నరేందర్ నమ్మలేదు. "మెత్తటిదైతే దినాం అరుగుతది గదన్నా, ఎవడన్న మెత్తటి టైరు అడుగుతడా?" అన్నాడు జాలిగా.

ప్రశాంత్ శ్రీనాథ్ సారుకు ఫోన్ చేశాడు. చెయ్యడానికి మొహం చెల్లక రెండు రోజులు ఆగి మరీ చేశాడు. బండి ఇచ్చినవాణ్ని టైర్లు కూడా అడగడమంటే మాటలా? ఎక్కడ దొరుకుతాయో చెబితే చాలు సార్ అని నసిగాడు. ఆయన మళ్లీ విసుక్కున్నాడు. తన దగ్గర పిల్లల బండ్లకని తెప్పించినవి ఉన్నాయి, బస్సులో వేస్తాను, బెంగళూరు రోడ్డు మీది బీచుపల్లి దగ్గర దింపించుకో అన్నాడు. ఆపైన ఫోన్ పెట్టేయకుండా చాలాసేపు జాగ్రత్తలు చెప్పాడు. వేసే ముందు బొటనవేలి గోటితో నొక్కి చూడు, గుర్తు పడాలి. టైరు పక్కన బాణం ఉంటుంది, చక్రం తిరిగే దిక్కుకు పెట్టు. రిమ్ముకు ఉన్న రెండో రంధ్రం మర్చిపోకు. అన్నిటికన్నా ముఖ్యం, గాలి తక్కువ ఉంచు, టైరు రాయి మీద పరుచుకోవాలి.

బస్సు చెప్పిన వేళ కన్నా ముందే వచ్చి పోయింది. ప్రశాంత్ బీచుపల్లి చేరేసరికి రోడ్డు పక్కన టైర్లు లేవు. అంతలో ఆంజనేయస్వామి గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే, అతని ఇంటివాళ్లను ఎరిగిన శాంతమ్మ అనే ఆమె కేక వేసింది. బస్సు డ్రైవరు టైర్లను ఆమెకు అప్పజెప్పి పోయాడట. ఆమె వాటిని కాయల గోతాల పక్కన నీడలో పెట్టి తడి సంచి కప్పింది. "ముట్టుకుంటె మెత్తగున్నయి. ఎండకు కరిగిపోతయేమోనని కప్పిన" అంది. టైర్లు కరగవని ప్రశాంత్ ఆమెకు చెప్పలేదు. చేతులెత్తి మొక్కి, మొక్కింది చాలదనిపించి రెండు కొబ్బరికాయలు కొన్నాడు. "ప్రార్థనలోళ్లు గదా, నీకెందుకు కాయలు?" అని ఆమె నవ్వితే, "పచ్చడి చేసుకుంటమమ్మా" అన్నాడు.

నరేందర్ షాపులో టైర్లు ఎక్కించడం ఒక జాతరైంది. ముందు టైర్లను ఎండలో పెట్టారు, ఇంకా వదులవుతాయని. పాత టైరు ఊడదీసి రిమ్ములోని తుప్పును గోకి, స్పోకుల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా కొత్త రబ్బరు పట్టీ వేశారు. ట్యూబు వాల్వు కోసం ఉన్న రంధ్రం కాక ఇంకో రంధ్రం చూసి నరేందర్ "గిది ఎందుకన్నా? ఎవడో పొరపాటున కొట్టిండు, మూసేద్దం" అన్నాడు. ఆ రంధ్రంలో ఒక బోల్టు ఉన్న బిళ్ల కూర్చుంటుందని, గాలి తక్కువ ఉన్నప్పుడు రిమ్ము మీద టైరు జరిగిపోకుండా దాని అంచును ఆ బిళ్లే నొక్కి పడుతుందని, అది లేకపోతే టైరుతో పాటు ట్యూబూ జరిగి వాల్వు తెగిపోతుందని ప్రశాంత్ చెప్పాడు. నరేందర్ తలకాయ ఊపాడు గానీ "గాలి నిండ కొడితే ఈ పరేషానంత లేదు గదా" అని గొణిగాడు.

సబ్బునీళ్లు రాసి, ఇద్దరూ రెండు పక్కలా చేరి, రాడ్లతో అంచును కొంచెం కొంచెం లోపలికి ఎక్కించారు. ప్రశాంత్ మోకాలు వంగదు కాబట్టి అతను కాలు చాపుకుని నేల మీద కూర్చున్నాడు. చివరి జానెడు ఎంతకీ ఎక్కలేదు. నరేందర్ తన బరువంతా రాడ్డు మీద వేసి, పళ్లు కొరికి, టక్కుమని ఎక్కించాడు. వేలు చితికి రక్తం వచ్చింది. "ఏం గాదన్నా" అని నోట్లో పెట్టుకున్నాడు.

అంచు రిమ్ములో కూర్చునేదాకా గాలి గట్టిగా కొట్టి, తర్వాత ప్రశాంత్ వాల్వు నొక్కి వదిలేశాడు. బొటనవేలితో నొక్కితే టైరు లోపలికి పోయేదాకా వదిలాడు. అది చూసి నరేందర్ విలవిల్లాడిపోయాడు.

"అన్నా, గిట్ల మెత్తగ నా షాపుల నుంచి బండి పోతే నా ఇజ్జత్ ఏమైతది? చూసినోళ్లు నరేందర్ గాలి గూడ కొట్టలేదు అంటరు."

అతని తప్పు కూడా లేదు. ఈ పక్క బండ్లు మోసేది వేరుశనగ మూటలను, పత్తి బోరాలను, ముందొకరు వెనక ఇద్దరు కూర్చున్న సంసారాలను. ఇక్కడ గాలి రాయిలా గట్టిగా ఉంటేనే గాలి. ప్రశాంత్ నవ్వి, ట్యూబు కారుతుందేమో రాత్రంతా చూడమని బండిని అక్కడే వదిలి ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి పడమట మబ్బు పట్టింది. ఆఫీసు వాళ్లు ఇచ్చిన మందు డబ్బా వీపుకు కట్టుకుని ప్రశాంత్ షాపు ముందర ఉన్న బండి తీశాడు. రోడ్డు మీద చేతులు కాస్త ఎక్కువ అదిరినట్టు అనిపించింది. కొత్త టైర్లు కదా, కొత్త చెప్పుల్లాగా నాలుగు రోజులు కరుస్తాయిలే అనుకున్నాడు. మనసంతా మబ్బు మీద ఉంది. ఈ ఒక్కరోజు గుట్ట ఎక్కితే, సూదులు పడితే, పని నిలిచినట్టే. ఎక్కలేకపోతే ఇంక ఎవరికీ చెప్పుకునేది ఏమీ ఉండదు.

గుట్ట మొదట్లో తిమ్మమ్మ మరిది దశరథం ఎదురొచ్చాడు. పైన దొడ్డి గోడ మీద నిలబడి తిమ్మమ్మ చేయి ఊపింది. ప్రశాంత్ ఏటవాలు బండ ఎక్కించాడు. ముందు చక్రం రాయి మీద వాలలేదు, బంతిలా ఎగిరింది. వెనకది కూడా ఎగిరి పక్కకు పోయింది. బండి ఒక దిక్కు, అతను ఒక దిక్కు పడ్డారు. వంగని కాలు రాయికి కొట్టుకుని కళ్లు బైర్లు కమ్మాయి. వీపు మీది డబ్బాను మాత్రం నేలకు తగలనివ్వకుండా బోర్లా పడ్డాడు.

పాకుతూ పోయి టైరు నొక్కి చూశాడు. ఇనుము. బొటనవేలు కాదు కదా, రాడ్డు పెట్టి నొక్కినా దిగేలా లేదు. సంగతి అర్థమైంది. షాపు మూసే ముందు నరేందర్ మనసు ఊరుకోలేదు. అన్న బండి మెత్తగా పోవడం చూడలేక, చితికిన వేలితోనే నిండా గాలి కొట్టి మేలు చేశాడు. తిట్టడానికి ఫోన్ తీశాడు ప్రశాంత్. కానీ గుట్ట మీద చప్పుడు విని తల ఎత్తాడు.

మంద దిగుతోంది.

చిన్నా పెద్దా గొర్రెలన్నీ బండల సందుల్లో బారు తీరి, ఒక్కటి కూడా పక్కకు పోకుండా దిగి వస్తున్నాయి. ముందు తిమ్మమ్మ, ఆ వయసులో చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, దాదాపు ఉరుకుతూ. దశరథం అప్పటికే కింది చదునులో గొర్లను ఆపే వల పాతుతున్నాడు. అనుకోకుండా మీద పడ్డ పనిలా కాదు, ఏటేటా పొలాల్లో మంద కట్టే చేతులతో, అలవాటుగా పాతుతున్నాడు. ప్రశాంత్ లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"అవ్వా, ఎందుకు తోలుకొచ్చినవు? బీరప్ప ముందరనే గదా వెయ్యాలె? కీడు గాదా?"

"కీడు లేదు గీడు లేదు. కాలు సూపియ్యి, ఎక్కడ తాకింది?" అంటూ తిమ్మమ్మ అతని పక్కన కూర్చుని కాలు పట్టుకుంది.

"అవ్వా, మీ ఆచారం..."

వల ముడి వేస్తున్న దశరథం ఉండబట్టలేకపోయాడు. "ఏం ఆచారంరా? గసొంటి ఆచారం మా తాత ముత్తాతల కాలంల గూడ లేదు. ఆఫీసోళ్లు అన్ని మందలు కిందికి తేవాలంటే, గట్లైతే ప్రశాంత్‌కు పనేముంటదని మా వదిననే పుట్టిచ్చింది. మేమంత అవునన్నం."

"నోరు ముయ్యి నువ్వు" అంది తిమ్మమ్మ. కానీ ఆలస్యమైంది. ఆమె ప్రశాంత్ మొహంలోకి చూడలేక కాలునే తడుముతూ ఉండిపోయింది.

"దేవుని పేరు మీద అబద్ధమాడినవా అవ్వా?" అన్నాడు ప్రశాంత్ మెల్లగా.

"ఆడిన. ఆయనకు చెప్పుకుని ఆడిన." ఆమె అతని కాలి మీది మట్టి తుడిచింది. "నువ్వు రాకముందు వాన పడితే జీవాలను గుంతలు తీసి పూడ్సుడే మా పని. నువ్వొచ్చినంక నిలిసినయి. గట్లాంటోనివి పని లేక మల్ల ఆ బెంగళూరుకు పోతే ఎట్ల? ఒకపారి పోయి కాలు పోగొట్టుకొచ్చినవు. ఇంగ పోగొట్టుకోనీకి నీ దగ్గర ఏమున్నది బిడ్డా?"

ప్రశాంత్ ఏడ్చాడు. సిగ్గుపడకుండా, మంద ముందర, మోచేతితో మొహం తుడుచుకుంటూ ఏడ్చాడు. ఇన్నాళ్లూ తానే ఈ గుట్టను మోస్తున్నానని లోపల్లోపల ఎంత గర్వపడ్డాడో! తను గుట్ట ఎక్కింది ఇన్నేళ్లు. తనను ఈ ఊళ్లో నిలబెట్టడానికి వీళ్లు ఒక దేవుణ్ని, ఒక ఆచారాన్ని, మందకు మందనే అడ్డం పెట్టారు. ఆ మాట నోరు జారకుండా అందరూ దాచారు. ఎవరికి ఎవరు సేవ చేసినట్టు? అంత ప్రేమకు థాంక్స్ అనే మాట చాలదు.

మబ్బు ఉరిమింది. "సూది తియ్యి మరి, వానొస్తది" అన్నాడు దశరథం.

ప్రశాంత్ కళ్లు తుడుచుకుని లేచాడు. బండి దగ్గరికి పోయి, వాల్వు మూత తీసి, పుల్లతో లోపలి పిన్ను నొక్కాడు. గాలి బుస్సుమంటూ పోయింది. ముందుదీ వెనకదీ బొటనవేలు దిగబడేదాకా వదిలాడు.

"అవ్వా, మందను మీదికి తోలు."

"పిచ్చి పట్టిందారా? ఇక్కడనే ఉన్నయి గదా అన్ని!"

"ఆఫీసోళ్లు యాడ వేసినవని అడిగితే నేనేం చెప్పాలె? బీరప్ప ముందర వేసిన అని చెప్పాలె గదా. అబద్ధం నీ ఒక్కదాని మీద ఎందుకుండాలె అవ్వా? తోలు, నేనొస్త."

తిమ్మమ్మ లేచి, గొంతులోంచి ఒక కూత వేసింది. వచ్చిన మంద వచ్చినట్టే వెనక్కి తిరిగి బండల్లోకి ఎక్కసాగింది. దశరథం ఇద్దరినీ తిడుతూ పాతిన వల పీకాడు.

ప్రశాంత్ మంద తోక వెనకే బండి ఎక్కించాడు. ఏటవాలు బండ మీద టైరు ఈసారి ఎగరలేదు. రాయిని అదుముకుని, పరుచుకుని, ఒక గడి తర్వాత ఒక గడి పట్టుకుంటూ ఎక్కింది. ఇంజను గుడగుడమంటూ నిదానంగా పోతుంటే, దెబ్బ తగిలిన కాలు సలుపుతుంటే, అతను నిటారుగా నిలబడి ఆఖరి గొర్రెపిల్ల నడిచినంత మెల్లగా పైకి పోయాడు. కాలు ఎక్కడా నేల మీద పెట్టలేదు.

దొడ్డి లోపల, పసుపు పూసిన రాయి ముందర తిమ్మమ్మ మొదటి గొర్రెను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి. ఆమె ఒకసారి రాయి దిక్కు, ఒకసారి ప్రశాంత్ దిక్కు చూసి, "వెయ్యి బిడ్డా. ఇయ్యాల్టి సంది ఇది ఆచారమే" అంది.